ఇళ్ల పద్దు మీద మన ఎమ్మెల్యే ఎటు ఓటేశాడు?

ఆ మధ్య హనుమకొండలో జరిగిన ఒక కథా గోష్ఠిలో ఎం.ఏ. తెలుగు చదువుతున్న యువకుడు తన కొత్త కథ చదివాడు. చెరువు శిఖంలో గుడిసె వేసుకున్న ఒక ముసలమ్మ కథ అది. ఇల్లు మంజూరవుతుందని అధికారులు వచ్చి పేరు రాసుకుపోతారు. ఆధార్ కార్డు నకలు తీసుకుంటారు, గుడిసె ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు. ఏళ్లు గడుస్తాయి. కథ చివర రంగం శాసనసభకు మారుతుంది. పేదల ఇళ్లకిచ్చే సొమ్ములో కోత పెడుతూ సభలో ఒక బిల్లు వస్తుంది. ఆ వాడ ఓట్లతోనే గెలిచిన ఎమ్మెల్యే చెయ్యెత్తి కోతకు అనుకూలంగా ఓటేస్తాడు. పక్కింటి టీవీలో ముసలమ్మ ఆ ఎత్తిన చెయ్యి చూస్తుంది. కథ ముగుస్తుంది.

ముగింపు బాగుందని చాలామంది మెచ్చుకున్నారు. ఎత్తిన చెయ్యి ఒక ప్రతీకగా నిలిచిందని ఒక మిత్రుడన్నాడు. నేను మాత్రం అలాంటి దృశ్యం మన శాసనసభలో జరగదని, కథ మొత్తానికి ఆధారమైన ఘట్టమే అవాస్తవమని అన్నాను. కథకుడు నొచ్చుకోలేదు. సూటిగా అడిగాడు: "సార్, ఎమ్మెల్యే చెయ్యెత్తకపోతే మరి ఇల్లు ఎట్ల ఆగిపాయె?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు పూర్తి జవాబు లేదు. జరగదని చెప్పడం తెలుసు గాని, జరిగేదేమిటో విడమర్చి చెప్పడం చేతకాలేదు. పైగా ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టే అర్హత నాకు అంతగా లేదు. కొన్నేళ్ల కిందట నేనే ఒక వ్యాసంలో మా ప్రాంతపు శాసనసభ్యుడొకాయన "పేదల ఇళ్లకు వ్యతిరేకంగా ఓటు వేసిన మనిషి" అని రాశాను. వ్యాసం అచ్చయిన వారానికి ఆయన మనిషొకడు మా కాలేజీకి వచ్చి, చాలా మర్యాదగానే, "సారూ, ఏ తారీఖున వేసిండు? ఏ బిల్లు మీద? గా కాగితం జర చూపియ్యండి" అన్నాడు. నా దగ్గర కాగితం లేదు. కోపం ఉంది, అది న్యాయమైనదే. దానికింద తేదీ మాత్రం లేదు. అతను వెళ్లేటప్పుడు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. తిట్టి పోయినా బాగుండేదనిపించింది.

కనుక ఈ వ్యాసం ఆ యువకుడికి జవాబు, నాకు నేను చేసుకున్న దిద్దుబాటు. వాస్తవికతను నమ్మే రచయితలం మనం. పొలం గురించి రాసేటప్పుడు నాట్లు ఏ కార్తెలో వేస్తారో కనుక్కుంటాం. శాసనసభ గురించి రాసేటప్పుడు సినిమాలు చూసి రాస్తున్నాం.

మొదట ఆ ఎత్తిన చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అడిగితే కథకుడు దాచలేదు. బ్రిటన్ లో పేదల ఇళ్ల సహాయం మీద పడిన కోత గురించి ఒక ఇంగ్లీషు వ్యాసం చదివాడట. అది నిజంగా జరిగిన సంగతే. అక్కడ మునిసిపాలిటీల వంటి స్థానిక సంస్థలు, హౌసింగ్ అసోసియేషన్లు కట్టి కిరాయికిచ్చే ఇళ్లు లక్షల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఉండే పేదలకు కిరాయి కట్టుకోవడానికి ప్రభుత్వం హౌసింగ్ బెనిఫిట్ అనే సహాయం ఇస్తూ వచ్చింది. 2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం కింద 2013 ఏప్రిల్ నుంచి దానికి ఒక కొత్త లెక్క పెట్టారు. ఇంట్లో మనుషుల అవసరానికి మించి ఒక పడకగది ఉంటే సహాయం లెక్కించే కిరాయిలో 14 శాతం, రెండు లేక అంతకుమించి ఉంటే 25 శాతం కోత. ప్రభుత్వం దానికి ఏదో మర్యాదైన పేరు పెట్టింది గాని జనం మాత్రం "పడకగది పన్ను" అన్నారు, ఆ పేరే నిలిచింది. పేరు పెట్టడంలో జనమే గెలవడం భాష మీద పనిచేసే మనం గమనించవలసిన విషయం.

అక్కడి పార్లమెంటులో ఓటింగుకు పట్టుబడితే సభ్యులు లేచి రెండు వేర్వేరు వసారాల్లోకి నడిచి వెళ్లాలి. అవునన్నవారు ఒక వసారా, కాదన్నవారు మరొకటి. నడిచిన ప్రతి సభ్యుడి పేరూ రాసుకుంటారు. 1836 నుంచి ఆ జాబితాలను అధికారికంగా అచ్చువేస్తున్నారు. 2013 నవంబరులో ఈ పడకగది పన్ను రద్దు చెయ్యాలని ప్రతిపక్ష లేబర్ పార్టీ తీర్మానం పెట్టింది. తీర్మానానికి అనుకూలంగా 226, వ్యతిరేకంగా 252 ఓట్లు వచ్చాయి. 26 ఓట్ల తేడాతో అది వీగిపోయింది. ఆ 252 మంది పేర్లూ ఉన్నాయి, ఆ 226 మంది పేర్లూ ఉన్నాయి. అంతకంటే రుచికరమైన సంగతి, తీర్మానం పెట్టిన పార్టీ సభ్యులే పలువురు ఆ రోజు ఓటింగుకు రాలేదన్నది కూడా ఆ జాబితాల వల్లే బయటపడింది. కిరాయిదారు తన ఊరి సభ్యుడి దగ్గరకెళ్లి "ఫలానా రోజు నువ్వెటు నడిచావు?" అని అడగవచ్చు.

జాబితా ఉన్నందువల్ల ఆ పన్ను ఆగిపోయిందని నేను అనడం లేదు. ఆగలేదు. అక్కడా పార్టీ విప్ ఉంటుంది, అక్కడా పాలకవర్గం తన పని తాను చేసుకుపోతుంది. కాని బాధ్యుడికి ఒక పేరు, ఒక తేదీ ఉంటాయి. కథకుడు చదివిన వ్యాసంలో అతణ్ణి పట్టుకున్నది ఆ పేరూ తేదీలే. వాటిని తెచ్చి మన శాసనసభకు అతికించాడు.

మన సభలో సాధారణంగా జరిగేది మూజువాణి ఓటు. ఈ మాట పుట్టుక కూడా ఆసక్తికరమే. వినడానికి సంస్కృత వాణిలా ఉంటుంది గాని వాణికీ దీనికీ చుట్టరికం లేదు. ముహ్ జబానీ, అంటే కాగితం మీద లేకుండా నోటిమాటగా, అన్న హిందుస్తానీ మాట కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చి ఇలా స్థిరపడింది. అధ్యక్షస్థానంలో ఉన్నవారు ప్రతిపాదన చదివి, అనుకూలురను అవుననమంటారు, వ్యతిరేకులను కాదనమంటారు. ఏ శబ్దం పెద్దదో చెవితో నిర్ణయించి ప్రకటిస్తారు. దాన్ని ఎవరైనా సవాలు చేసి డివిజన్ కోరితే తప్ప తల లెక్క ఉండదు. అధికార పక్షానికి స్పష్టమైన సంఖ్యాబలం ఉన్నప్పుడు డివిజన్ కోరేవాళ్లు అరుదు, ఫలితం ముందే తెలుసు కనుక. ఆ నోటిమాటలో 119 మంది ఉన్న మన సభలో ఎవరు అవునన్నారో, ఎవరు పెదవి కదపలేదో, ఎవరు టీ తాగడానికి క్యాంటీనుకు పోయారో కాగితం మీదికి రాదు.

2015 నవంబరులో వరంగల్ లోక్ సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. గెలిచిన అభ్యర్థి పసునూరి దయాకర్ కు వచ్చిన ఆధిక్యం 4,59,092. చూడండి, చివరి రెండు ఓట్ల దాకా లెక్క తేల్చారు. మడికొండలో కూలికి పోయే మనిషి వేసిన ఓటును ఒకటి ఒకటిగా లెక్కపెట్టిన వ్యవస్థ, ఆ మనిషి పంపిన ప్రతినిధుల ఓటును చప్పుడు విని తేలుస్తుంది.

పోనీ, డివిజనే జరిగి పేర్లు నమోదయ్యాయనుకుందాం. అప్పుడైనా దొరికేది ఆ సభ్యుడి మనసేనా? 1985 లో 52 వ రాజ్యాంగ సవరణ పదవ షెడ్యూలును చేర్చింది. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, 15 రోజుల్లోగా పార్టీ క్షమించకపోతే సభ్యత్వం పోతుంది. 1992 లో సుప్రీంకోర్టు కిహోతో హోలోహాన్ కేసులో ఈ షెడ్యూలును చాలావరకు సమర్థిస్తూనే, ఇలాంటి కట్టడి విశ్వాస పరీక్షలకూ పార్టీ మూల విధానాలకు సంబంధించిన వాటికీ పరిమితమైతే మంచిదని సూచించింది. సూచన సూచనగానే ఉండిపోయింది. ఫిరాయింపులను ఆపడానికి తెచ్చిన ఈ చట్టం ఫిరాయింపులను ఎంతవరకు ఆపిందో వరంగల్ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఒక పార్టీ మీద గెలిచి మరో పార్టీలో తిరగడానికి దారులు దొరుకుతున్నాయి. సొంత పార్టీలో ఉండి పేదల ఇంటి కోసం ఒక్కసారి కాదనడానికి మాత్రం దారి లేదు.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసిందే. నాకు కొత్తగా తెలిసి, కొన్ని రోజులు నిద్ర పట్టనివ్వని సంగతి తర్వాతది.

బడ్జెట్ అంటే సభ ముందు పెట్టే పద్దుల వరస. ఒక్కో శాఖ ఖర్చుకు ఒక్కో డిమాండు ఉంటుంది. రాజ్యాంగం 203 వ అధికరణం ప్రకారం శాసనసభకు డిమాండు మీద మూడు అధికారాలున్నాయి: ఒప్పుకోవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించి ఒప్పుకోవచ్చు. పెంచే అధికారం లేదు. గవర్నరు సిఫారసు, అంటే మంత్రివర్గం నిర్ణయం, లేకుండా ఏ డిమాండూ సభలోకి రాదు. అంటే గుడిసెవాసుల ఇళ్లకు ఇంకో పదికోట్లు కావాలని ఒక సభ్యుడు గొంతు చించుకోవచ్చు గాని, పది రూపాయలైనా కలపమని ఓటుకు పెట్టలేడు. అతని చేతిలో ఉన్న పనిముట్టు ఒక్క కత్తెరే.

మరి ఎక్కువ కావాలనేవాడు ఏం చెయ్యాలి? కోత తీర్మానం ఇవ్వాలి! ప్రభుత్వ విధానమే నచ్చకపోతే డిమాండు మొత్తాన్ని ఒక్క రూపాయికి తగ్గించమంటాడు. ఒక ప్రత్యేకమైన ఫిర్యాదు చెప్పుకోవాలంటే 100 రూపాయలు తగ్గించమంటాడు. ఇల్లు రాని ముసలమ్మ గోడు సభలో వినిపించాలంటే, గృహనిర్మాణ పద్దులోంచి 100 రూపాయలు కొయ్యమని అడగడం ఒక ప్రధాన మార్గం. పాత చర్చల సంపుటాల్లో ఇలాంటివి పేజీల కొద్దీ ఉంటాయి. ఫలానా ఊళ్లో ఇళ్లు కట్టనందుకు నిరసనగా 100 రూపాయలు, ఫలానా వాడలో పట్టాలు ఇవ్వనందుకు 100 రూపాయలు. కింద సభ్యుల పేర్లు. పద్ధతి తెలియని విద్యార్థి ఎవడైనా ఆ పేజీ చూస్తే, పేదల ఇళ్లకు కోత పెట్టమన్నవాళ్లు వీళ్లేనని రాసుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఇళ్ల కోసం మాట్లాడినవాళ్లు చాలావరకు వాళ్లే. కోత అడగని మిగతావాళ్లు ప్రభుత్వం వైపు కూచున్నవాళ్లు.

ఈ సందర్భంలో మన కాళోజీని తలుచుకోకుండా ఉండలేను. ఆయన 1958 నుంచి 1960 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడు. కాని డిమాండ్ల మీద ఓటు శాసనసభకే ఉంది, మండలికి లేదు. బడ్జెట్ మీద మండలి చర్చించవచ్చు, అంతే. ప్రజల గొడవ తన గొడవ అనుకున్న కవి చట్టసభలో ఉన్న రెండేళ్లూ ప్రజల ఇంటి పద్దు మీద ఆయనకు ఓటు లేదు. ఎవరైనా పరిశోధక విద్యార్థి ఆయన మండలి ప్రసంగాలను వెదికి ఆయన కవిత్వంతో కలిపి చదివితే బాగుంటుందని చాలాకాలంగా అనుకుంటున్నాను.

చర్చకు పెట్టిన గడువు ముగిసిన రోజున మిగిలిన డిమాండ్లన్నిటినీ చర్చ లేకుండా కలిపి ఆమోదించడాన్ని గిలెటిన్ అంటారు. ఫ్రెంచి విప్లవంలో రాజు తల తీసిన యంత్రానికి ఇక్కడ చర్చ తల తీసే ఉద్యోగం ఇచ్చారు.

ఇంతకూ కోత ఎక్కడ పడుతుంది? సభలో కాదు. సభ ఒప్పుకున్న మొత్తం ప్రభుత్వం ఖర్చు పెట్టగలిగే గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ పరిమితి దాటి ఖర్చయితే 205 వ అధికరణం ప్రకారం మళ్లీ సభ ముందుకు వచ్చి ఓటు వేయించుకోవాలి. కాని తక్కువ ఖర్చు చేస్తే ఎవరి ఓటూ అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యాన్ని మన రచయితలు గోడకు రాసిపెట్టుకోవాలని నా కోరిక. ఎక్కువ ఇవ్వడానికి ఓటు కావాలి, తక్కువ ఇవ్వడానికి అక్కర్లేదు. మార్చిలో కోట్లు ప్రకటించవచ్చు. ఏడాది పొడుగునా నిధులు విడుదల చేసే ఉత్తర్వు ఇవ్వకుండా కూచోవచ్చు. వచ్చే మార్చి 31 న ఆ పద్దు మురిగిపోతుంది. ఏ సభ్యుడూ చెయ్యెత్తలేదు, నోరెత్తలేదు. కోత మాత్రం పూర్తయింది.

ఆ తరువాత కాగ్ వారి వినియోగ లెక్కల్లో ఈ ఖర్చుకాని మొత్తం కనిపిస్తుంది. దానికి లెక్కల భాషలో పేరేమిటో తెలుసా? ఆదా. ఇల్లు లేనివాళ్లకు ఇవ్వకుండా ఆగిన డబ్బు ఆదా!

పథకాల పుట్టుక చావులు కూడా ఇంతే. తెలంగాణలో 2023 జూన్ లో గృహలక్ష్మి అనే పథకం వచ్చింది. సొంత జాగా ఉన్న పేద మహిళకు ఇల్లు కట్టుకోవడానికి 3 లక్షల రూపాయలు, నియోజకవర్గానికి 3,000 ఇళ్లు. జిరాక్సు సెంటర్ల ముందు ఆడవాళ్లు బారులు తీరారు. డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 జనవరి మొదట్లోనే ఆ పథకం రద్దయింది. వచ్చింది ప్రభుత్వ ఉత్తర్వుతో, పోయింది ప్రభుత్వ ఉత్తర్వుతో. దాని స్థానంలో 2024 మార్చిలో ఇందిరమ్మ ఇళ్లు పేరుతో 5 లక్షల పథకం వచ్చింది, నియోజకవర్గానికి 3,500 ఇళ్లన్నారు. ఏది మంచిది, ఏది కాదన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. మొదటిదానికి కాగితాలు పెట్టుకున్న స్త్రీ రెండోదానికి మళ్లీ మొదటి నుంచి నిలబడాలి కదా. ఆమె అర్హత రద్దవుతున్నప్పుడు ఏ ఎమ్మెల్యే ఎటు ఓటేశాడు? ఎటూ వెయ్యలేదు. వెయ్యవలసిన అవసరమే రాలేదు.

దానికి ముందటి రెండు పడకగదుల ఇళ్ల చరిత్రలో వరంగల్ కు ప్రత్యేక స్థానం ఉంది. 2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు వరంగల్ లో కొన్ని రోజులు మకాం వేసి మురికివాడలు తిరిగారు, పక్కా ఇళ్లు కట్టిస్తామని మాట ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబరులో పథకానికి మార్గదర్శకాలు వచ్చాయి. 560 చదరపు అడుగుల ఇల్లు, పట్టణాల్లో ఇంటికి 5 లక్షల 30 వేలు, పల్లెల్లో 5 లక్షల 4 వేలు, లబ్ధిదారు ఒక్క పైసా కట్టనక్కర్లేదు. కాగితం మీద చూస్తే దేశంలో అంతకంటే ఉదారమైన పథకం అరుదు. కాని హనుమకొండ బాలసముద్రం అంబేద్కర్ నగర్ లో కట్టిన ఇళ్లు, గోడలకు రంగులు పడ్డాక కూడా, ఏళ్ల తరబడి పంచకుండా ఉండిపోయాయి. పక్కనే గుడిసెల్లో మనుషులు, ఎదురుగా తాళాలు వేసిన అంతస్తులు. ఇళ్లకు డబ్బు పెద్ద మొత్తంలో హడ్కో వంటి సంస్థల నుంచి గృహనిర్మాణ కార్పొరేషన్ పేరుతో తెచ్చిన అప్పు. కార్పొరేషన్ తెచ్చే అప్పు సభలో ఓటుకు పెట్టే డిమాండు కాదు. తాళం తియ్యకపోవడం అసలే కాదు.

బ్రిటన్ కిరాయిదారుకూ మన గుడిసెవాసికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. ఆ కిరాయిదారు చేతిలో ఒక హక్కు ఉంది, అది తగ్గినప్పుడు ఇన్ని పౌండ్లు తగ్గిందని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని కోర్టుకు పోయారు, వీధిలోకి వచ్చారు. మన ముసలమ్మకు ఏ ఉత్తరమూ రాదు. ఆమె దగ్గర ఉన్నది హక్కు కాదు, ఎదురుచూపు. ఎదురుచూపులో ఎంత శాతం కోత పడిందో ఎవరు లెక్క కడతారు? ఆమెకు మన భాషలో పెట్టిన పేరు లబ్ధిదారు. లబ్ధి పొందకముందే లబ్ధిదారు, పొందకుండా చచ్చిపోయినా లబ్ధిదారే.

భాష మాట వచ్చింది కనుక ఇంకొంచెం ఆగుతాను. మన కథకుడి ప్రశ్నలోనే తాళంచెవి ఉంది: "ఇల్లు ఎట్ల ఆగిపాయె?" ఆగు అకర్మక క్రియ, ఆపు సకర్మకం. మిగులు, మిగుల్చు. తెగు, తెంచు. ఈ జంటలు వ్యాకరణం తరగతిలో అందరం చదువుకున్నవే. ప్రభుత్వ ప్రకటనలు, వాటిని మక్కీకి మక్కీ దించే వార్తలు ఎప్పుడూ ఈ జంటల్లో మొదటిదాన్నే వాడతాయి. నిధులు విడుదల కాలేదు. బిల్లులు పెండింగులో పడ్డాయి. పనులు నిలిచిపోయాయి. సొమ్ము మిగిలిపోయింది. అన్నీ వాటంతట అవే జరిగినట్టు, వర్షం పడినట్టు, ఆకు రాలినట్టు. ఆపినవాడు, మిగిల్చినవాడు, నిలిపినవాడు వాక్యంలోకి రాడు. ఆ కుర్రవాడు కర్త కోసం వెదికాడు, దొరక్క ఎమ్మెల్యే చెయ్యిని తెచ్చి పెట్టాడు. అతని వెదుకులాట సరైనదే. దొరికిన కర్త తప్పు. నా పాత వ్యాసంలో నేను చేసిందీ అదే.

పేదల ఇంటి విషయంలో కర్త ఎప్పుడూ దొరకడా? దొరికిన సందర్భం ఒకటి మన ఊళ్లోనే ఉంది. అది మాత్రం చట్టసభలో దొరకలేదు.

ఆజంజాహీ మిల్లు సంగతి. 1934 లో నిజాం కాలంలో మొదలైంది. 1974 లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా నేషనల్ టెక్స్ టైల్ కార్పొరేషన్ కిందికి వచ్చింది. వరంగల్ లో ఒక తరం కార్మికులకు అది పని చోటు, దాని క్వార్టర్లు ఇల్లు. ప్రభుత్వ రంగం ఇంట్లో ఉన్నవాళ్లు గనుక, బ్రిటన్ కిరాయిదారులకు మన దగ్గర పోలిక చెప్పాలంటే వీళ్లనే చెప్పాలి. తీసుకున్నప్పుడు చట్టం చేశారు. 2002 నాటికి మూసివేత, స్వచ్ఛంద పదవీ విరమణ. దానికి ఏ సభా ఓటెయ్యలేదు. తరువాత క్వార్టర్లు ఖాళీ చెయ్యకుండా ఉండిపోయిన 318 మందికి తలా 200 చదరపు గజాల స్థలం ఉచితంగా ఇచ్చారు. నిబంధన ప్రకారం ఖాళీ చేసి వెళ్లిపోయిన 134 మంది, మాకూ ఇవ్వండి అని అడిగారు. చెప్పిన మాట విని ఇల్లు ఖాళీ చేసినందుకు మేము నష్టపోవాలా అన్నది వాళ్ల ప్రశ్న. హైకోర్టులో మొదట గెలిచారు, డివిజన్ బెంచి ముందు ఓడిపోయారు, 2021 అక్టోబరులో సుప్రీంకోర్టులో మళ్లీ గెలిచారు. ఖాళీ చేసినవాళ్లకూ చెయ్యనివాళ్లకూ మధ్య ఈ తేడా చూపడం వివక్ష అని కోర్టు అన్నది.

న్యాయస్థానాలే పేదల దిక్కు అని చెప్పడానికి దీన్ని ఎత్తుకోలేదు. ఇరవై ఏళ్లు పట్టింది, ఆ మధ్యలో ఎందరి వయసు చెల్లిపోయిందో ఊహించుకోండి. నేను చూసింది కాగితాన్ని. కార్మికులు గెలిచిన తీర్పుకూ ఓడిన తీర్పుకూ కింద సంతకాలున్నాయి, పైన తేదీలున్నాయి, మధ్యలో కారణాలున్నాయి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, కాని ఎదురు నిలబడి వాదించడానికి ఒక వాక్యం ఉంది. ఇళ్ల పద్దు నోటిమాటతో గడిచిపోయిన రోజున అలాంటి వాక్యం ఏదీ మిగలదు.

అయితే శాసనసభ్యుడి మీద ఆధారంతో రాయడానికి ఏమీ లేదా? ఉంది. ఓటు నమోదు కాదు గాని మాట నమోదవుతుంది. సభా చర్చలు పొల్లుపోకుండా రాస్తారు, సంపుటాలుగా వస్తాయి. ఇళ్ల పద్దు వచ్చిన రోజున ఎవరు మాట్లాడారు, ఎవరు కోత తీర్మానం ఇచ్చారు, తన వాడ పేరు ఎవరు తీశారు, ఎవరు ప్రశ్న వేసి జవాబు రాబట్టారు, ఎవరు మంత్రిని పొగిడి కూచున్నారు, ఇవన్నీ తేదీతో సహా దొరుకుతాయి. అయిదేళ్ల సంపుటాలు తిరగేసి, ఒక సభ్యుడి పేరు ఇళ్ల పద్దు కింద ఒక్కసారీ లేదని తేలితే, ఆ లేకపోవడం కూడా ఆధారమే. దాని పక్కన బడ్జెట్ పుస్తకం పెట్టుకోవాలి. గృహనిర్మాణానికి 2216, 4216 అనే పద్దు సంఖ్యల కింద మూడు గడులు చూడాలి: రెండేళ్ల కిందట నిజంగా అయిన ఖర్చు, నడుస్తున్న ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. ఉపన్యాసంలో వినిపించేది మూడో గడి. ముసలమ్మ ఉండేది మొదటి గడిలో. ఏ ఏడు సంగతి తేలాలన్నా అంచనాగా కనబడిన దాన్ని రెండేళ్ల తర్వాతి పుస్తకంలో నిజం ఖర్చుగా మళ్లీ చూడాలి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే కోత. లెక్క పెద్ద కష్టం కాదు, ఇంటర్ లో లెక్కలు తప్పిన నేనే చేశాను.

ఇదంతా ఆ యువకుడికి రెండు మూడు సాయంత్రాలు పబ్లిక్ గార్డెన్ లో కూచుని చెప్పాను. కథ తిరిగి రాశాడు. ఇప్పుడందులో ఎత్తిన చెయ్యి లేదు. మార్చి నెలాఖరున ఒక ఆఫీసు, గుమాస్తా ఒక పుస్తకంలో ఎర్రసిరాతో అంకె కొట్టేస్తాడు. బయట వరండాలో ముసలమ్మ కూచుని ఉంటుంది. లోపల ఏం కొట్టేశాడో ఆమెకు తెలియదు, ఎవరిది కొట్టేస్తున్నాడో గుమాస్తాకు తెలియదు. మొదటి కథంత పట్టుగా లేదని గోష్ఠిలో ఇద్దరు ముగ్గురన్నారు. నిజమే, లేదు. ఎర్రసిరా అంకెలో నాటకీయత తక్కువ. అతను ఇంకా దిద్దుతున్నాడు. "గుమాస్తాతో కొట్టేయించినోడు ఎవడో కథల యాడ కూసోబెట్టాలె సార్?" అని ఫోను చేస్తుంటాడు. నాకూ ఇంకా తెలియలేదు.

నా పాత వ్యాసంలోని వాక్యాన్ని ఇక్కడ సరిచేస్తున్నాను. ఆ శాసనసభ్యుడు పేదల ఇళ్లకు వ్యతిరేకంగా ఓటు వేశాడని రాయడం తప్పు. ఆ తరువాత ఆయన సభ్యుడిగా ఉన్న కాలపు చర్చలన్నీ నెమ్మదిగా చదివాను. గృహనిర్మాణ పద్దు వచ్చిన ఏ రోజునా ఆయన మాట్లాడినట్టు లేదు. ఇప్పుడు నా దగ్గర తేదీలున్నాయి. ఆనాడు మా కాలేజీకి వచ్చిన మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే కబురు పెడదామని అడిగి చూశాను. మునిసిపాలిటీలో ఏదో కాంట్రాక్టు పని చేసుకుంటున్నాడన్నారు. అతనికీ ఇల్లు రాలేదట.